మెట్ట ఊళ్ళో ఆర్టిస్ట్ రెసిడెన్సీ పెట్టాలనుకుంటే

ఊళ్ళో పాత ఇల్లు ఖాళీగా ఉంది, బొమ్మలు వేసేవాళ్ళని, శిల్పాలు చేసేవాళ్ళని పిలిచి కొన్ని వారాలు ఉంచితే ఎట్లా ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నెల్లూరు జిల్లా ఉదయగిరి పక్కన మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో ఇప్పటికి మూడుసార్లు ఇట్లాంటి ఆర్టిస్ట్ రెసిడెన్సీ నడిపాను. మొదటిసారి ఆరుగురు, తర్వాత రెండుసార్లూ నలుగురేసి, ప్రతిసారీ మూడు వారాలు. ఆ అనుభవంతో రాస్తున్నాను. మీది కనిగిరి కావచ్చు, గిద్దలూరు కావచ్చు, ఆత్మకూరు పక్క పల్లె కావచ్చు, చాలావరకు ఇదే పనికొస్తుంది.

ముందు ఇంటి సంగతి వదిలేయండి. సున్నం వేయించడం, బాత్రూము కట్టించడం, పేరు పెట్టడం, పోస్టర్ చేయించడం అన్నీ తర్వాత. మొదట మీ ఊళ్ళో చేతిపని చేసే మనిషి దగ్గరికి వెళ్ళి, ఒకటికి నాలుగు రోజులు ఊరికే కూర్చోండి. ఆ మనిషికి రోజు ఎట్లా గడుస్తుంది, ఏ పూట చేతికి ఖాళీ, ఏ నెలలో పని ఒత్తిడి, ఏ నెలలో చేయడానికి పనే ఉండదు, ఇవి తెలుసుకోకుండా తేదీలు పెట్టకండి. నేను మొదటిసారి చేసిన తప్పు సరిగ్గా ఇదే.

మా వైపు పేరున్న పని ఉదయగిరి చెక్క సామాను. స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు, చిన్న పళ్ళేలు, పిడుల మీద పూలూ ఆకులూ జాలీ నగిషీలూ. ఉదయగిరి దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి, పాలబరికి లాంటి కర్రతో చేస్తారు. దీనికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, కూడా ఉంది. చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, చాలామంది ముస్లిం కుటుంబాల వాళ్ళు. మాకు నేర్పిన ఆపా (ఉర్దూలో అక్క అని) పొద్దున వంట ముగించి, పిల్లల్ని బడికి పంపించి, అప్పుడు ఉలి పట్టుకుని వరండాలో కూర్చుంటుంది. మొదటిసారి నేను ఆర్టిస్టులందరికీ వీలైన తేదీలు చూసుకుని, రైలు టిక్కెట్లు కూడా అయిపోయాక ఆపా దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె సరేనంది. పదో రోజున వాళ్ళమ్మాయి చెప్తే తెలిసింది, ఆ నెలాఖరుకి ఇవ్వాల్సిన పెద్ద ఆర్డరు ఒకటి ఉందని, పగలంతా మాకు నేర్పి రాత్రి పన్నెండు దాకా ఆ స్పూన్లు చెక్కుతోందని. నాకు కాదని చెప్పలేక ఒప్పుకుంది. ఆ రోజునుంచి నా లెక్క మారిపోయింది. ఇప్పుడు ముందు ఆపాని అడుగుతాను, ఆమె చెప్పిన వారాల్లోంచి ఆర్టిస్టులు ఎంచుకుంటారు.

డబ్బు సంగతి కూడా మొదటి రోజే మాట్లాడుకోవాలి. మన ఊళ్ళల్లో ఇది అడగడానికి వాళ్ళు మొహమాటపడతారు, చెప్పడానికి మనం మొహమాటపడతాం, చివరికి ఒక చీరా పండ్లూ పెట్టి పంపించేస్తాం. అట్లా చేయొద్దు. నేను లెక్క కట్టే పద్ధతి ఇది: రోజుకి ఎన్ని స్పూన్లు అవుతాయి, ఒక్కోటి ఎంతకి పోతుంది అని ఆమెనే అడుగుతాను, ఆ మొత్తానికి ఇంకో సగం కలిపి రోజు కూలీగా పెట్టుకుంటాను. ఎందుకంటే నేర్పే రోజు ఆమె సొంత పని ఆగిపోతుంది, పైగా నేర్పడం అనేది చెక్కడం కంటే అలిసిపోయే పని. ఆర్టిస్టులు ఆ పూట కొండెక్కారు, క్లాసు జరగలేదు, అయినా ఆమె రోజు మనకి ఇచ్చేసింది కాబట్టి డబ్బు ఇవ్వాలి. ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే ఇవ్వండి. కర్ర ఖర్చు, పనిముట్ల ఖర్చు కూలీలో కలపొద్దు, అవి వేరే. మీ బడ్జెట్ కాగితంలో నేర్పేవాళ్ళ డబ్బు మొదటి వరసలో రాయండి, భోజనాలూ ప్రయాణాలూ ఆ కింద. డబ్బు చాలకపోతే ఒక ఆర్టిస్టుని తగ్గించుకోండి. మేం ఆరుగురి నుంచి నలుగురికి వచ్చింది అందుకే, పైగా నలుగురైతే ఆమె ప్రతి ఒక్కరి చేతినీ చూడగలుగుతుంది.

ఎప్పుడు పెట్టుకోవాలి

ఏప్రిల్, మే, జూన్ మన వైపు వద్దే వద్దు. నలభై డిగ్రీలు దాటాక రేకుల షెడ్డులో ఎవరూ ఏ పనీ చేయలేరు, ఎండకి కర్ర కూడా చిట్లిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మనకి అసలు వాన అప్పుడే, తుఫాను వస్తే దారులు కూడా తెగుతాయి. అడవి మాత్రం ఆ వానల తర్వాతే చూడాలి, వాగులు పారుతుంటాయి, కొండ పచ్చగా ఉంటుంది. అందుకని సంక్రాంతి వెళ్ళాక కనుమ దాటిన మూడో రోజునుంచి మొదలుపెట్టడం అన్నిటికంటే మంచిది. ఒక్కటి చూసుకోవాలి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2026లో ఆ నెల ఫిబ్రవరి మూడో వారంలో మొదలు, 2027లో రెండో వారానికి వచ్చేస్తుంది. మీకు నేర్పేవాళ్ళు ఉపవాసం ఉంటే ఆ నెలలో పెట్టుకోకండి. వాళ్ళు ఫర్వాలేదనే అంటారు, మనమే అర్థం చేసుకోవాలి.

రావడానికి నెల్లూరు లేదా కావలి స్టేషన్లో రైలు దిగాలి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు అనుకోండి. వచ్చేవాళ్ళకి ఇది ముందే స్పష్టంగా చెప్పండి. విదేశాల నుంచి ఎవరైనా వస్తే, ఇంట్లో ఉంచుకున్నవాళ్ళు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఆ అతిథి వివరాల ఫారం (ఇదివరకు ఫారం సి అనేవాళ్ళు) నింపాలి, ఇది హోటళ్ళకే అనుకుని చాలామంది వదిలేస్తారు, ఇళ్ళకి కూడా వర్తిస్తుంది. ఎవరు వచ్చినా సరే ముందు పంచాయతీలోనూ పోలీస్ స్టేషన్లోనూ ఒక మాట చెప్పి ఉంచితే తర్వాత టెన్షన్ ఉండదు.

నీళ్ళు, పాములు

నీళ్ళ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. కనిగిరి, ఉదయగిరి వైపు చాలా ఊళ్ళల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది, మనవాళ్ళ పళ్ళూ మోకాళ్ళూ చూస్తే తెలుస్తుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. కాచితే పోతుందని కొందరు అనుకుంటారు, పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మీ బోరు నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి, తాగడానికీ వంటకీ ప్లాంటు క్యాన్లు తెప్పించండి. ఇది వచ్చిన అతిథుల కోసమే కాదు, వంట చేసే అక్కకీ నేర్పే ఆపాకీ కూడా అదే క్యాను నీళ్ళు ఇవ్వాలి.

పాములుంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగూ ప్రమాదం. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ళని కాటేస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. కాబట్టి అందరికీ మంచాలు, దోమతెర అంచులు పరుపు కిందకి దోపి పడుకోవాలి, చీకటి పడ్డాక టార్చి లేకుండా పెరట్లోకి వెళ్ళకూడదు. కాటు పడితే కోయొద్దు, తాడు బిగించి కట్టొద్దు, మంత్రం దగ్గరికి తీసుకెళ్ళి గంట పోగొట్టొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి. మీ దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నాయా, రాత్రి డాక్టరు ఉంటారా అని ముందే వెళ్ళి అడిగి, ఆ నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి.

అడవి

ప్రకృతి చూడాలని వచ్చినవాళ్ళకి మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. దారిలో ఎర్రగా, అందంగా ఒక ముక్క కనిపించింది కదా అని తీసి సంచిలో వేసుకున్నా కేసవుతుంది, ఆ మనిషితో పాటు మీకూ, తోడు వెళ్ళిన ఊరి కుర్రాడికీ. మనకి తెలిసిన విషయమే కాబట్టి చెప్పక్కర్లేదనుకుంటాం, కానీ బెంగళూరు నుంచో పూణె నుంచో వచ్చినవాళ్ళకి ఎట్లా తెలుస్తుంది? రిజర్వు ఫారెస్టులోకి వెళ్ళాలంటే రేంజ్ ఆఫీసులో అనుమతి తీసుకోండి, ఎంతమంది, ఏ రోజు, ఏ దారి అని రాసిచ్చి. ఎలుగుబంట్లు తిరిగే కొండ ఇది, తెల్లవారకముందూ పొద్దు గూకాకా నడక వద్దు.

తోడుగా ఎవరిని తీసుకెళ్ళాలి అంటే, నా మాట యానాదుల్లో పెద్దవాళ్ళని అడగండి. ఏ పుట్టలో ఏముంది, ఏ పిట్ట ఎందుకు అరిచింది, ఏ ఆకు దేనికి పనికొస్తుంది అన్నది వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. మాతో వచ్చిన పెద్దాయన ఒక వాగు ఇసుకలో గీతలు చూపించి రాత్రి ఇటు ఏమేం వెళ్ళాయో అరగంట చెప్పాడు, మాతో ఉన్న ఒకమ్మాయి ఆ మూడు వారాలూ ఆ ఇసుక గీతల మీదే పని చేసింది. ఆయనకి కూడా ఆపాకి ఇచ్చినంతే కూలీ, దారి చూపించేవాళ్ళని తక్కువ చేయొద్దు. పేరు పెట్టి నువ్వు అని పిలిచే అలవాటు మన ఊళ్ళల్లో ఉంది కదా, వయసులో పెద్దాయన్ని మీరు అనే పిలవండి, మీరు పిలిస్తే వచ్చినవాళ్ళూ అట్లాగే పిలుస్తారు.

ఉదయగిరి కోట మీదకి ఒక పొద్దున తీసుకెళ్ళండి, గోడల మీద సుద్దతో కూడా ఏమీ రాయకూడదని చెప్పండి. ఇంకో రోజు సీ.ఎస్.పురం మండలంలోని భైరవకోనకి. అక్కడ కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు ఉన్నాయి, జలపాతం ఉంది. వారం రోజులు ఉలితో చెక్క గీకినవాళ్ళు ఆ రాయి చూస్తే చూసే తీరే వేరుగా ఉంటుంది, అందుకే దాన్ని రెండో వారంలో పెడతాను. కార్తీక పౌర్ణమికీ శివరాత్రికీ జనం ఎక్కువ, బొమ్మ వేసుకోవడానికి కుదరదు.

పని నేర్చుకునే రోజులు

మొదటి మూడు రోజులు ఎవరి చేతికీ కొండ కర్ర ఇవ్వను. అది కష్టపడి తెచ్చుకున్న కర్ర, నేర్చుకునేవాళ్ళు పాడుచేయడానికి కాదు. కలప అడితిలో వేప ముక్కలు మిగిలినవి దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టండి. పనిముట్లు కూడా ఎవరివి వాళ్ళకి వేరే కొనండి, బాడిస, రెండు మూడు సైజుల ఉలులు, చిన్న రంపం, ఆకురాయి, గరుకు కాగితం. ఆపా ఉలి ముట్టుకోనివ్వకండి. ఏళ్ళ తరబడి ఒకే చేతిలో అరిగిన పిడి అది, ఇంకొకరు నాలుగు రోజులు వాడితే పదును కోణం మారిపోతుంది, మళ్ళీ దారికి తెచ్చుకోవడానికి ఆమెకి చాలా రోజులు పడుతుంది.

పచ్చికర్ర మెత్తగా తెగుతుంది, ఎండినది గట్టిగా ఉంటుంది కానీ నగిషీ నిలుస్తుంది. ముందు పచ్చిమీద మోటుగా ఆకారం తీసి, నీడలో నిదానంగా ఆరనిచ్చి, తర్వాత సన్నపని. ఈ ఆరబెట్టే దగ్గరే అందరూ తొందరపడతారు. మా రెండోసారిలో ఒకాయన ఐదు రోజులు కూర్చుని చేసిన గరిటె త్వరగా ఆరాలని మిద్దె మీద ఎండలో పెట్టాడు, మధ్యాహ్నానికి గుంట నుంచి పిడి దాకా పగిలిపోయింది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. తడి గోనెసంచిలో చుట్టి గాలి తగిలే మూల పెడితే చాలు, రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ రావాలి. తినడానికి వాడే వస్తువు కాబట్టి వార్నిష్ పూయొద్దు, ఆరాక కొబ్బరినూనె పట్టించి గుడ్డతో తుడవండి.

భాష రాకపోతే ఎట్లా అని అడుగుతారు. నేను ప్రతి ఒక్కరికీ ఒక మార్కాపురం పలకా, బలపం ముక్కా ఇస్తాను. నాజూకైన స్కెచ్ బుక్కులు తీసినప్పుడు ఆపా దాంట్లో గీయడానికి ఎప్పుడూ ఒప్పుకోలేదు, పాడవుతుంది వద్దులే అనేది. పలక ఇచ్చేసరికి తీసుకుని, ఇక్కడ ఇంత లోతు, ఇక్కడ ఆపాలి అని గీసి చూపించడం మొదలుపెట్టింది. తుడిచేయొచ్చు కాబట్టి భయం లేదు. తమిళం, హిందీ, బెంగాలీ మాట్లాడేవాళ్ళు అందరూ ఆ పలక మీదే మాట్లాడుకున్నారు. కర్రల పేర్లు, పనిముట్ల పేర్లు మాత్రం తెలుగులో ఎట్లా అంటారో, వాళ్ళింట్లో ఉర్దూలో ఎట్లా అంటారో అట్లాగే రాసుకోమనండి.

చెక్కపని ఒక్కటే కాకుండా వారానికోసారి ఇంకో చేతిపని దగ్గరికి తీసుకెళ్ళండి. ఈత బరికెలతో బుట్టలు అల్లే ఎరుకల కుటుంబాలు ఉంటే వాళ్ళ దగ్గర ఒక పూట, కుమ్మరి ఆములో కుండలు కాల్చే రోజు తెలిస్తే ఆ రాత్రి. మేం తిరుగు ప్రయాణంలో నెల్లూరు పక్కన కోవూరు మండలం పాటూరులో ఆగుతాం, అక్కడ నేతపని ఉంది, మగ్గం దగ్గర పడుగూ పేకా ఎట్లా కలుస్తాయో చూస్తారు. అంతకుమించి పెట్టకండి. రోజుకో చోట తిప్పితే చూసొచ్చిన యాత్ర అవుతుంది తప్ప పని జరగదు.

ఎవరి డిజైను ఎవరిది

ఇది నాకు బాధగా మిగిలిన విషయం. మొదటిసారి వచ్చినవాళ్ళలో ఒకరు ఆపా చేసిన పిడి మీది తీగ నగిషీని ఫోటో తీసుకెళ్ళి, కొన్నాళ్ళకి దాన్ని గుడ్డ సంచుల మీద అచ్చు వేయించి అమ్మారు. ఆమె పేరు ఎక్కడా లేదు, రూపాయి రాలేదు. అడిగితే ఇది సంప్రదాయ డిజైను కదా, అందరిదీ అన్నారు. ఆ తీగ ఆమె సొంతంగా, పిల్లకి జ్వరం వచ్చిన రాత్రి మేలుకుని కూర్చుని గీసుకున్నది. అప్పటినుంచి వచ్చే ముందే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక పేజీ కాగితం మీద సంతకం తీసుకుంటున్నాను. ఫోటో తీసే ముందు అడగాలి, నగిషీని వేరే వస్తువు మీద వాడాలంటే చేసినవాళ్ళ ఒప్పందం, డబ్బు, పేరు మూడూ ఉండాలి. ఇద్దరూ కలిసి చేసిన వస్తువు అమ్ముడుపోతే సగం సగం. ఇంకోటి, జీఐ ఉన్న పేరు కాబట్టి మనం నేర్చుకుంటూ చేసిన స్పూన్లని ఉదయగిరి చెక్క సామాను అని చెప్పి అమ్మకూడదు. ఆ పేరు వాడుకునే హక్కు నమోదైన పనివాళ్ళది.

ఆడవాళ్ళ ఇంటి వరండాలో నేర్చుకుంటున్నాం కాబట్టి ఇంట్లో మగవాళ్ళతో కూడా ముందు మాట్లాడండి, లోపలి గదుల ఫోటోలు వద్దు. ఆపా వద్దన్న ఫోటో చెరిపేయడమే, ఎందుకని అడగక్కర్లేదు.

చివరి వారం

చేసిన పనిని మొదట మీ ఊళ్ళోనే చూపించండి. హైదరాబాదు గ్యాలరీ సంగతి తర్వాత. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గం గెలిచినప్పుడు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి గుడి కట్టించాడు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మా ఊళ్ళో పుట్టిన పిల్లలు దాన్ని చూడాలంటే చెన్నై పోవాలి. అంత పెద్ద విషయం కాకపోయినా, మా ఇంట్లో మూడు వారాలు చేసిన బొమ్మల్ని ఊరివాళ్ళు చూడకుండా సంచుల్లో కట్టి పంపించేయడం నాకు ఇష్టం లేదు.

బడి వరండా అడిగి తీసుకోండి, సాయంత్రం ఐదింటికి, కూలికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చే వేళకి పెట్టండి. పెద్ద పెద్ద మాటలు రాసిన కాగితాలు అంటించొద్దు. ఒక్కో వస్తువు పక్కన చేసినవాళ్ళ పేరు, నేర్పినవాళ్ళ పేరు, కర్ర పేరు తెలుగులో రాస్తే చాలు. టీ, బొరుగుల మసాలా పెట్టండి. ఎవరైనా ముట్టుకుని చూస్తామంటే చూడనివ్వండి, స్పూను అంటే చేత్తో పట్టుకునేదే కదా. ఆపా చేసిన వస్తువులు అతిథుల పక్కనే అదే ఎత్తులో, అదే బల్ల మీద ఉండాలి, వేరే మూల స్టాలులాగా పెట్టకండి. మొన్నటిసారి ఆపా వాళ్ళ నాన్న కర్ర సాయంతో వచ్చి, బల్ల మీద తన కూతురి పేరు చదివించుకుని, మళ్ళీ ఒకసారి చదవమన్నాడు.

మర్నాడు పొద్దున ఇల్లు ఖాళీ చేసే ముందు పనిముట్లు లెక్కపెట్టి, నూనె రాసి ఇంట్లోనే పెట్టండి, అవి వచ్చేసారికి. బాకీలన్నీ తీర్చి, వచ్చేసారి ఎప్పుడు కుదురుతుందో ఆపా చెప్పిన నెల క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. మిగిలిన కర్రముక్కలు ఏం చేయాలో ఆమెనే అడగండి. మా దగ్గర మంచివి ఏరి దువ్వెనలకి పక్కన పెట్టింది, పనికిరానివి బడిపిల్లలు పట్టుకుపోయారు.